సెల్లార్ చెరువు

నాలా పొంగి గల్లీల్లోకి నీళ్ళెక్కి, బండ్లూ కార్లూ ఒకదాని మీద ఒకటి పోయి పడ్డ పెద్ద వరద గుర్తుందా? ఆ వరదకు మూడేండ్ల తర్వాతి వానాకాలంలో జరిగింది ఇది. మా ఇంట్లో ఏది చెప్పుకున్నా వరదకు ముందు, వరద తర్వాత అనే చెప్పుకుంటాం. నేను కాపలా ఉండే జాగాలో నీళ్ళు చేరింది ఆ వరదకే మరి.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దిక్కు పోతుంటే కోచింగ్ బోర్డులు పలచబడి హాస్టళ్ళు మొదలవుతాయి. అక్కడ ఒక గల్లీ చివర అపార్ట్‌మెంట్ లేపుదామని సెల్లార్ తవ్వి, వాటాల తగువుతో పని ఆపేశారు. ఆ గుంత వరదతో నిండింది. పక్కల మట్టి జారి అడుగున మెత్తగా పరుచుకుంది. మోటారు పెట్టి తోడిస్తే మళ్ళీ ఊరింది. మళ్ళీ తోడిస్తే మళ్ళీ ఊరింది. ఇక వదిలేశారు. కార్లు దిగడానికి చేసిన వాలుదారి మొదట్లో చీలమండ లోతు, అవతలి గోడ దగ్గర రొమ్ము లోతు. ఒడ్డున రేకుల గదిలో నేనూ, నా భార్య చంద్రమ్మా.

నేను మాట్లాడేది తక్కువ. నా వంతు కూడా చంద్రమ్మే మాట్లాడేస్తుంది. "మా ఆయన నోరు తాళమేసిన సందుగ. తాళంచెయ్యి యాడ వెట్టిండో ఆయనకే యాదికి లేదు" అని గల్లీ అంతా చెబుతుంది. అబద్ధం కాదు గనుక నేనేమీ అనను.

తొలకరి పడ్డాక, పొడుగాటి ఆఫ్రికా పిల్లవాడొకడు రోజూ సాయంత్రం పిట్టగోడ మీద మోచేతులాన్చి గుంతలోకి చూడడం మొదలుపెట్టాడు. పక్కనే జీవమణి గారు నడిపే హాస్టల్లో ఉంటాడు. కంప్యూటర్ కోర్సుకు వచ్చాడని విన్నాం.

"గా పోరడు రోజు గట్లనే చూస్తుండు. పరీక్ష తప్పిండో ఏమో! దుంకుతడేమో, జర పోయి పక్కపొంట నిలవడు," అంది చంద్రమ్మ.

పోయి నిలబడ్డాను. అతను నీళ్ళను చూశాడు. నేను అతన్ని చూశాను. ఆ సాయంత్రం అలాగే పోయింది, మర్నాటి సాయంత్రమూ అంతే. చివరికి అతనే నోరు తెరిచాడు. టిఫిన్ బండి దగ్గర నిలబడి నేర్చిన తెలుగు.

"కాకా, గీ నీళ్ళల్ల చేపలున్నయా?"

"లేవు."

"ఎందుకు లేవు?"

మా తాతలు చెరువుల మీద వలేసి బతికినవాళ్ళు. మా నాయన వెంట నేనూ వల లాగాను. తర్వాత పట్నం వచ్చి నీళ్ళు లేని గుంతలకు కాపలా ఉంటూ ముసలివాణ్ణయ్యాను. నీళ్ళున్న గుంత ఒడ్డునే మూడేండ్లు పడుకున్నా ఆ మాట నాకు తట్టలేదు.

అతని పేరు చిసోమో. మలావి దేశం. చంద్రమ్మ రెండు రోజుల్లో ఆ పేరును సోమయ్య చేసింది. అతను ఆమెను 'అగోగో' అన్నాడు. వాళ్ళ దిక్కు నాయన తల్లిని, అవ్వను, అలా పిలుస్తారట.

"ఏందిరో! ఆయననేమో కాకా అంటివి, నేను అవ్వనెట్లయితిని? నేనాయన్ను కనలే," అని చంద్రమ్మ చీపురు చూపించింది. అయినా ఆ పిలుపు మారలేదు. పిలిచినప్పుడల్లా ఈమె పలకడమూ మానలేదు.

చాయ్ తాగుతూ అతను తన కథ చెప్పాడు. ఊళ్ళో వాళ్ళమ్మకు కాస్త మక్కజొన్న చేను ఉంది. చేను మూలన తల్లీకొడుకులు పారలతో తవ్విన చేపల గుంత ఉంది. దుకాణంలో కొనే మేత ధర చేప ధరను దాటిపోయింది. మేత కొనలేక వదిలేస్తే చేపలు వేలెడంతే ఉండిపోయాయి. వాళ్ళమ్మకు విసుగొచ్చింది. ఈసారి వానలు మొదలయ్యే లోపల గుంత పూడ్చి, అక్కడా మక్కజొన్నే వేస్తానంటోంది. చుట్టుపక్కల గుంతలున్న ఆడవాళ్ళు కూడా ఆమె ఏం చేస్తే అది చేద్దామని చూస్తున్నారు.

"దుకాణం మేత వద్దమ్మా అని నేను చెప్తున్న. పేడ, ఆకు, తవుడు, వంటింట్ల మిగిలింది చాలు. నీళ్ళే మేత పుట్టిస్తయి. అమ్మ ఏమంటది తెల్సా? 'యాడ పెరిగినయిరా? చూపియ్యి' అంటది. మాకు వానలు మీ దసరా ఎల్లినంక వస్తయి కాకా. గప్పటిదాంక టైం ఉంది."

నీళ్ళున్న గుంతను పూడుస్తారన్న మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. పొద్దున లేచి అతనికి ఒకటే మాట చెప్పాను.

"పెంచుదాం."

చంద్రమ్మ గిన్నె కింద పెట్టి నా మొహం చూసింది.

జాగా చూసుకునే రవికాంత్ సారు ఎర్రమంజిల్‌లో ఉంటాడు. దోమల గురించి మున్సిపాలిటీ వాళ్ళు ఆయన మీద అప్పటికే గుర్రుగా ఉన్నారు. చేపలు దోమపిల్లల్ని తినేస్తాయని సోమయ్య చెప్పగానే ఆయన మొహం విచ్చుకుంది.

"దోమలు పోతె చాలు, మొసళ్ళను పెంచుకోండ్రి. నాకేం ఫికర్ లేదు," అన్నాడు.

చేపపిల్లలు మా వాళ్ళ ఊరి నుంచి గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో ఆటోలో వచ్చాయి. బొచ్చెలు, రవ్వలు, బంగారు తీగలు. వదిలేముందు సోమయ్య సంచులను అలాగే నీళ్ళ మీద తేలనిచ్చాడు, రెండు నీళ్ళూ ఒక చల్లదనానికి రావాలని. మా నాయన నీళ్ళకు దండం పెట్టి వదిలేవాడు. నేను దండం పెట్టాను, అతను సంచి విప్పాడు.

అక్కడి నుంచి మా పొద్దు మారిపోయింది. ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనుక బర్రెల కొట్టం నుంచి గంపెడు పేడ తెచ్చి నీళ్ళలో కలిపేవాణ్ణి. కొన్నాళ్ళకు నీళ్ళు పచ్చబడ్డాయి. చెయ్యి మోచేతి దాకా ముంచితే అరచెయ్యి కనబడకూడదు, అదీ సోమయ్య కొలత. కనబడితే ఇంకో గంప పేడ. మరీ ముందే మాయమైతే నాలుగు రోజులు ఆపడం. వాలుదారి మీద మేమిద్దరం బోర్లా పడుకుని చేతులు ముంచి చూస్తుంటే, గోడ మీది నుంచి జీవమణి గారు తొంగి చూసేవారు. ఆమెది కాకినాడ.

"ఏంటి రాజనర్సయ్య గారూ, ఉంగరం గానీ పడిపోయిందా?"

నా బదులు చంద్రమ్మ జవాబిచ్చేది. "ఉంగరం కాదమ్మా, మా ఆయన మాట పడ్డది. వెతుకుతుండు!"

జీవమణి గారు నవ్వుతూనే హాస్టల్లో మిగిలిన అన్నమూ, కూరగాయల తొక్కలూ రోజూ పంపేవారు. అది చాలక చంద్రమ్మ గల్లీలో పడింది. ప్రతి గడప దగ్గరా అదే మాట. "తొక్కలు పారెయ్యకుండ్రి, మునగాకు విరగ్గొడితె నాకే ఇయ్యుండ్రి. దసరాకు ఇంటికో చేప!" గల్లీ అంతా గంపలు పట్టుకొని మా రేకుల గదికి రావడం మొదలుపెట్టింది. అప్పటిదాకా మేం వాచ్‌మెన్ ఇంటోళ్ళం. ఇప్పుడు చెరువు చంద్రమ్మ ఇంటోళ్ళమయ్యాం. ఆమె నడక కూడా మారింది.

ఒక్క సోమయ్య వాళ్ళమ్మ మాత్రం కరగలేదు. తల్లీకొడుకులు ఫోన్‌లో బొమ్మ చూసుకుంటూ మాట్లాడేవారు. సన్నగా, నిటారుగా, తలకు గుడ్డ చుట్టుకొని ఉండేది. జానెడు రవ్వను పట్టి చూపిస్తే ఆమె ఏదో అంది. సోమయ్య మొహం వాలిపోయింది.

"ఏమంటుందిరా?" అంది చంద్రమ్మ.

"సంతల చేపలు అందరికీ దొరుకుతయి అంటది."

"అబ్బ! మా అత్తకు చెల్లె ఉన్నదని నాకు తెల్వకపాయె."

వినాయక చవితికి గల్లీ కుర్రవాళ్ళు విగ్రహాన్ని మా గుంతలోనే కలుపుతామని డప్పులతో వచ్చారు. రంగులు విషం, చేపలు బతకవు. చంద్రమ్మ వాలుదారికి అడ్డంగా మంచం వేసి పడుకుంది. "నన్ను దాటిపోండ్రి చూస్తా!" వినాయకుడు ట్యాంక్‌బండ్‌కు పోయాడు. గండం గడిచిందనుకున్నాం.

తర్వాత బతుకమ్మ వచ్చింది. తంగేడు, గునుగు, బంతి, అన్నీ చేల మీది పూలే. పేడా ఆకులూ నీళ్ళకు బలమైతే పూలు కావా? నేనలా అనుకున్నాను. సోమయ్యకు మా కంటే సంబరం. పూల దొంతరలు చూసి, "రంగు లేదు, మందు లేదు, మస్తు మంచిది! రానీయ్ కాకా!" అన్నాడు. చంద్రమ్మ ఇల్లిల్లూ పిలిచింది. ఏటా బతుకమ్మను బకెట్ నీళ్ళలో ముంచుకునే గల్లీకి ఇంటి ముందు చెరువు దొరికింది. ఎంగిలిపూల నాటి నుంచి రోజూ సాయంత్రం చప్పట్లూ పాటలూ, ఆఖరుకు వాలుదారి మీద నుంచి పూలు నీళ్ళలోకి. చివరి రోజు, సద్దుల నాడు, అవతలి గల్లీల నుంచి కూడా నడుమెత్తు బతుకమ్మలు వచ్చాయి. నీళ్ళు కనబడలేదు. పొలం ఒకటి పూసి తేలినట్టుంది. మబ్బు పట్టి అప్పటికే రెండు రోజులు. ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు.

తెల్లవారుతుండగా బయటికి వస్తే చప్పుడు వినబడింది. పప్, పప్, పప్ అని. వానేమోనని చెయ్యి చాపాను. చినుకు లేదు. కిందికి చూస్తే పూల సందుల్లో నోళ్ళు. నీళ్ళ పైకి వచ్చి తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. గుంత అంతా నోళ్ళే.

హాస్టల్ కిటికీ కింద నిలబడి, "సోమయ్యా!" అని అరిచాను. నా అరుపుకే గల్లీలో లైట్లు వెలిగాయి.

అతను నిక్కరు మీద, గుండీలు పెట్టని చొక్కాతో ఉరికివచ్చాడు. చూసి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"నీళ్ళల్ల గాలి లేదు కాకా. ఎండ లేక పచ్చనీళ్ళు గాలి పుట్టియ్యలే, పూలు కుళ్ళి ఉన్న గాలంత తాగేసినయ్. మనమే పిలిచినం గద..."

మోటారు పెట్టి నీళ్ళను పైనుంచి చిమ్మిద్దామనుకున్నాం. పైపు మూతికి బంతిపూలు పోయి అడ్డం పడ్డాయి. మోటారు గుర్రుమని, పొగ కక్కి ఆగిపోయింది. సోమయ్య ఫోన్ తీసి వాళ్ళమ్మకు కలిపాడు. అక్కడింకా కోడి కూయలేదు. చీకట్లో బల్బు కింద నిద్రమొహంతో ఆమె కనబడింది. ఇంతకాలం ఆమెకు చేపలు చూపించాలని మేం పడ్డ పాట్లు చూడండి, ఇప్పుడు చావుకు సిద్ధంగా ఉన్న చేపలను చూపించాల్సి వచ్చింది. సోమయ్య ఆమె మాట వింటూనే ఫోన్‌ను పిట్టగోడ మీద ఇటుకకు ఆన్చి, చొక్కా విప్పాడు.

"నీళ్ళను కొట్టమంటది! తొక్కమంటది! నిలవడి ఏడిస్తె గాలి రాదంటది!"

"గంతేనా? తొక్కుడు మాకు రాదా!" అని చంద్రమ్మ చీర కొంగు నడుముకు చుట్టి, కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళలో దిగింది. దిగి గల్లీ వైపు తిరిగి కేక వేసింది. "మంజూషా! ఓ నవీనా! రాండ్రే! నిన్న ఏసినోళ్ళంత రాండ్రి, పూలు ఎత్తుదాం! గంపలు తెచ్చుకోండ్రి!"

వచ్చారు. నిద్రమొహాలతో, నిన్నటి పట్టుచీరల మీదే కొందరు, నైటీల మీద కొందరు. గంపలతో, జల్లెడలతో, దుప్పట్లు పరిచి నలుగురేసి పట్టుకొని పూలు ఎత్తి గట్టున పోశారు. సగం పూలు లేచాక నీళ్ళు కనబడ్డాయి. నోళ్ళు మాత్రం ఇంకా తెరుచుకునే ఉన్నాయి.

"ఇగ తొక్కుండ్రి!"

ఎవరికి వాళ్ళు తోచినట్టు తొక్కితే ఒకరి మీద ఒకరు పడ్డారు. అప్పుడు చంద్రమ్మ వాళ్ళను గుండ్రంగా నిలబెట్టింది. నిన్న గట్టు మీద ఆడిన ఆటే. ఒక అడుగు ముందుకు, వంగి చప్పట్లు, ఒక అడుగు పక్కకు. కాకపోతే చప్పట్లు నీళ్ళ మీద. పాట తానే కట్టింది.

*నోరు తెరిసిన తల్లి ఉయ్యాలో, నీల్ల అడుగున పిల్ల ఉయ్యాలో*
*గాలి తెచ్చినమమ్మ ఉయ్యాలో, గడగడ తాగమ్మ ఉయ్యాలో*

జీవమణి గారు వాలుదారి మీదే ఆగిపోయారు. "నాకు మీ ఆట రాదండీ చంద్రమ్మ గారూ. ఎప్పుడూ ఆడలేదు."

"రానక్కర లేదమ్మా. మీ అన్నం తిన్న చేపలే, కోపంతోని తొక్కు!"

ఆవిడ చెప్పులు విప్పి, సిలువ గొలుసు జాకెట్లోకి వేసుకుని దిగారు. కాసేపటికి అందరికంటే ఎత్తుగా నీళ్ళెగరగొట్టింది ఆవిడే. సోమయ్య రొమ్ము లోతులో నిలబడి బకెట్‌తో నీళ్ళు తీసి పైకి విసురుతున్నాడు. నేను ఒక కట్టెతో గోడ పక్క నీళ్ళు కొడుతున్నాను.

ఎంతసేపని పాడుతుంది? చంద్రమ్మ గొంతు మొదట బొంగురుపోయింది. తర్వాత గాలి మాత్రమే వచ్చింది. పాట ఆగేసరికి అడుగులు తప్పాయి. అడుగులు తప్పేసరికి అలసట గుర్తొచ్చి ఒకరిద్దరు నడుం పట్టుకుని నిలబడిపోయారు. నీళ్ళు నిదానించాయి. నోళ్ళు మళ్ళీ పైకి వచ్చాయి.

"గుంజర గుంజు!"

"హోయ్!" అన్నారు నా వెనుక ఎవరో.

"గంగమ్మ తల్లి!"

"హోయ్!"

వల లాగేటప్పుడు మా నాయన వేసే కూత అది. అడుగుకు సరిగ్గా పడుతుంది. ఒక మాటకు ఎడమ కాలు, ఒక హోయ్‌కు కుడి కాలు. గుండ్రం మళ్ళీ కదిలింది. కట్టె నా చేతిలో లేదు. నేనూ ఆ గుండ్రంలో ఉన్నాను, ఆడవాళ్ళ మధ్య, మంజూషకూ జీవమణి గారికీ నడుమ. కూత వేస్తున్నది నేనేనని చంద్రమ్మ మొహం చూశాకే తెలిసింది. ఆమె నోరు కూడా చేపల్లాగే తెరుచుకుని ఉంది.

మబ్బు విరిగి ఎండ పొడ నీళ్ళ మీద పడింది. ఒక్కొక్క నోరూ కిందికి పోయింది. ఎక్కడో గోడ పక్క ఒక బంగారు తీగ తోక కొట్టి మునిగింది. కొన్ని బొచ్చెలు తేలిపోయాయి, అవి పోయినట్టే. తక్కినవి బతికాయి. అందరం వాలుదారి మీద కూలబడ్డాం. ఎవరి చీర రంగు ఎవరి మీదికో ఎక్కింది.

అప్పుడు గోడ మీది నుంచి నవ్వులు వినబడ్డాయి. ఫోన్‌ను అందరం మరిచాం. అది ఇటుకకు ఆనుకుని మొదటి నుంచీ చూస్తూనే ఉంది. అక్కడా తెల్లారింది. సోమయ్య వాళ్ళమ్మ చుట్టూ పక్కింటి ఆడవాళ్ళు చేరారు. ఒకామె కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఇంకొకామె మా అడుగు వేసి చూపిస్తోంది. వాళ్ళమ్మ మాత్రం నవ్వకుండా, నిటారుగా కూర్చుని సోమయ్యకు ఏదో చెప్పింది. అతను తడి నేల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు.

"ఏమైందిరా బిడ్డా? తిట్టిందా?" అన్నాను నేను. చంద్రమ్మకు గొంతు లేదు గదా.

"లేదు కాకా." అతను తలెత్తాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, పండ్లన్నీ కనబడుతున్నాయి. "సంతల కొన్న చేపల కోసం గింతమంది ముసలోళ్ళు నీళ్ళల్ల ఎగురరంట. నమ్మింది. గుంత పూడ్వదంట. వాళ్ళు సుత పూడ్వరంట." తర్వాత ఇంకో మాట విని నా వైపు తిరిగాడు. "కానీ రేపు వల ఎయ్యొద్దంటది. చచ్చి బతికినయి, ఇప్పుడు ముట్టుకుంటె మిగలవు. చలికాలం ఎల్లనియ్యుండ్రి, పెద్దగైతయి అంటది."

చంద్రమ్మ నెత్తి కొట్టుకుంది. మర్నాడే దసరా. ఇంటికో చేప అని నోరారా మాటిచ్చింది ఆమె. ఇప్పుడు లేదని చెప్పాలంటే గొంతులో ఈలలాంటి గాలి తప్ప ఏమీ రావడం లేదు. గట్టున పోసిన పూలనూ, నన్నూ మార్చి మార్చి చూసింది.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, గల్లీ మొదటి ఇంటి తలుపు కొట్టాను. వెనుక చంద్రమ్మ, మెడకు మఫ్లర్ చుట్టుకుని. తలుపు తీసిన మంజూష నన్ను చూడగానే గాబరాపడింది.

"ఏమైంది కాకా? చిన్నమ్మకేమన్న అయిందా?"

చంద్రమ్మ నా భుజం వెనుక నుంచి చెయ్యి ఊపింది, బతికే ఉన్నానని.

"ఏం గాలే బిడ్డా. దసరాకు చేప ఇస్తమన్నం గద, ఇయ్యలేం," అన్నాను. అంతటితో ఆగి వెళ్ళాల్సింది. కానీ ఆమె, ఎందుకు కాకా, అంది. ఎందుకో చెప్పాలి గదా. కూర్చోమంది, కూర్చున్నాం. చాయ్ ఇచ్చింది. చెప్పాను.

రెండో ఇంట్లో నీళ్ళలో గాలి ఎలా ఉంటుందో చెప్పాను. మూడో ఇంట్లో సోమయ్య వాళ్ళమ్మ గురించి, ఆమె గుంత గురించి, మా నాయన కూత గురించి చెప్పాను. కూత వేసి వినిపించమన్నారు. వేశాను. చంద్రమ్మ అప్పటికే గడపలో నిలబడి, పోదాం పోదామని సైగ చేస్తోంది.

నాలుగో ఇంట్లో నా చొక్కా పట్టి గట్టిగా గుంజింది. నేనింకా బంగారు తీగల దాకా రాలేదు.